వాపసు పిలిచిన బండి

మా తమ్ముడు భిక్షపతి ఆ రోజు తాగలేదు. ఈ ముక్క ముందే చెప్పకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు. డెబ్బై తొమ్మిదిలో, లాల్‌దర్వాజ బోనాల ఆదివారం, వాడు ఒక్కపొద్దు ఉన్నాడు. అమ్మవారికి బోనం ఎక్కిందాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. తర్వాత ఇంత పెరుగన్నం తిని పడుకున్నాడు. సోమవారం పొద్దున్నే మీరాలం మండీలో కూరగాయలు ఎత్తించుకొని కంచన్‌బాగ్ ఫ్యాక్టరీ క్యాంటీనుకు బయలుదేరాడు. చాంద్రాయణగుట్ట దాటాక, ఎదురుగా మనిషి గానీ మేక గానీ లేని తిన్నని రోడ్డు మీద, మా పికప్పు బండి ఉన్నట్టుండి కుడికి తిరిగి ప్రహరీ గోడను గుద్దింది. వాడి కుడిచెయ్యి తలుపుకూ గోడకూ మధ్య నలిగిపోయింది. దవాఖానాలో మోచేతి దాకా తీసేశారు.

పోలీసులు వచ్చేసరికి వాడి నుదుట ముందు రోజు పెట్టిన రూపాయంత బొట్టు, మెడలో వాడిపోయిన వేపరెమ్మ, గుగ్గిలం పొగకు ఎర్రబడ్డ కళ్ళు. ఇంకేం కావాలి? తాగి నడిపాడని రాసుకున్నారు.

నేను ఠాణాకు ఉరికాను. బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపలి నుంచి వామన్‌రావు గొంతు వినిపించింది. మాకు ఆ బండి అమ్మింది ఆయనే. శాలిబండలో ఐసు ఫ్యాక్టరీ ఓనరు, గుడి కమిటీకి పెద్ద, ఇన్‌స్పెక్టరు లేచి కుర్చీ వేసే మనిషి. బండి కండిషన్ ఎట్లాంటిదో అడుగుదామని పిలిపించినట్టున్నారు.

“బండికేమండీ, బ్రహ్మాండమైన బండి. నా దగ్గరున్నన్నాళ్ళు ఒక్క గీత పడలేదు. బోనాల తెల్లారి కదా ఇన్‌స్పెక్టర్ గారూ. వాళ్ళకు అలవాటే” అన్నాడు.

వాళ్ళకు అన్నాడు. వాడికి అన్నా కొంత ఓర్చుకునేవాడినేమో.

బయటికి వస్తూ నన్ను చూసి ఆగాడు. “అయ్యో రాజన్నా, ఎంత పని జరిగిందయ్యా. తమ్ముడికి నువ్వైనా బుద్ధి చెప్పాల్సింది” అని నా భుజం తట్టాడు. ఇంటికి పోయి ఆ భుజాన్ని సబ్బు పెట్టి కడుక్కున్నాను. నా పగ ఆ రోజు మొదలైంది. దాన్ని పగ అనడానికి నాకు అప్పుడు సిగ్గు లేదు.

వాడి లైసెన్సు రద్దు చేశారు. చెయ్యే లేనివాడికి లైసెన్సు ఎందుకని మీరు అనవచ్చు. నాకు మాత్రం పోయిన చెయ్యి కంటే ఆ కాగితం మీద ‘తాగి’ అని రాసిన రెండు అక్షరాలు ఎక్కువ మండాయి. మా గౌలిపురాలో మనుషులు పరామర్శకు వచ్చి, వాడి మంచం పక్కన కూర్చుని, లేచి పోయేటప్పుడు గడప దగ్గర చిన్నగా “పండుగలల్ల జర చూసుకోవాలె గద” అనేవాళ్ళు. నా భార్య రాజమణి “మా మరిది ఒక్కపొద్దున్నడు, నేనే బువ్వ పెట్టిన” అని ఎంతమందికి చెప్పిందో. విన్నవాళ్ళు తలూపేవాళ్ళు. నమ్మినవాడు ఒక్కడూ లేడు. భిక్షపతి వాకిట్లోకి రావడం మానేశాడు. ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటూ ఒకరోజు కంచం తోసేసి అన్నాడు.

“చెయ్యి పోతే పోనీ అన్నా. నేను తాగలేదని ఒక్కడు అనాలె. నలుగుట్ల అనాలె.”

“అనిపిస్త. వామన్‌రావు నోటితోనే అనిపిస్త” అన్నాను.

ఆ బండి మేము ఎండాకాలంలో కొన్నాం. గరుడ అనే కంపెనీ పికప్పు. ఐసు మోయడానికి వామన్‌రావు ఒకే రోజు రెండు కొత్తవి కొని, రెండేళ్లు తిప్పి, మే నెలలో రెండింటినీ ఒక్కసారే అమ్మకానికి పెట్టాడు. ఒకటి మేము తీసుకున్నాం. రెండోది ఉప్పుగూడ గుండయ్య తీసుకున్నాడు. గుండయ్య, నేను చిన్నప్పటి నుంచి దోస్తులం. బండి చూడడానికి ఇద్దరం కలిసి బార్కస్ నుంచి ఆవద్ మేస్త్రీని వెంటబెట్టుకుపోయాం. ఇంజను మీద చెయ్యి పెట్టి జబ్బు చెప్పేవాడని పాతబస్తీ అంతా ఆయనకు పేరు.

జబ్బులకు కొదవ లేదు. ఐసునీళ్లు కారి కారి అడుగు రేకు జల్లెడైంది. రెండో గేరు జారుతుంది. బ్రేకు తొక్కితే బండి ఎడమకు గుంజుతుంది. గుట్ట ఎక్కిస్తే రేడియేటరు ఉడుకుతుంది. గుంత వచ్చినప్పుడల్లా ఎడమ తలుపు తనంతట తానే తెరుచుకుంటుంది. ఆవద్ ఒక్కొక్కటే చెప్పి, “సెకండ్ హ్యాండ్ గాడీ హై రాజన్నా, కొత్త పెండ్లికూతురు కాదు. గివన్నీ నేను చేస్త, ఫికర్ నక్కో” అన్నాడు. స్టీరింగు అటూ ఇటూ తిప్పి మాత్రం ఆగాడు. “దీంట్ల జర ఆట ఉంది, లూజుగున్నది” అన్నాడు.

వామన్‌రావు నవ్వాడు. “గరుడ బండ్లన్నిటికీ అంతే ఆవద్ మియా. కంపెనీ నుంచే అట్లా వస్తాయి.”

ఆ మాట నిజం. ఎంత నిజమో ఆయనకు అప్పటికే తెలుసు, మాకు తెలియదు.

బండ్ల మీద రాసే పెయింటర్‌ను నేను. నంబరు పలకలు, వెనక తలుపు డాలా మీద పేర్లు, పువ్వులు, దుకాణాల బోర్డులు. బండి చేతులు మారినప్పుడు ఛాసీ నంబరు అచ్చు తీసే పని కూడా నాదే. ఇనుము మీద చెక్కిన అంకెల పైన పల్చటి కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే నంబరు తెల్లగా తేలుతుంది. దాన్ని ఆర్టీవో ఆఫీసులో ఇవ్వాలి. ఆ రెండు బండ్ల నంబర్లూ నేనే రుద్దాను. పక్కపక్క నంబర్లు. కవల పిల్లలంటూ గుండయ్య వాటికి పేరు పెట్టాడు.

గుద్దిన బండిని బార్కస్‌కు లాగించాం. వారం తర్వాత ఆవద్ కబురు పంపాడు. పోయేసరికి ఆయన ఒక జానెడు ఇనుప ముక్క గుడ్డలో పెట్టుకొని కూర్చున్నాడు. స్టీరింగు తిప్పితే ఆ తిప్పుడును చక్రాలకు అందించే ముక్క అది, డ్రాప్ ఆర్మ్ అంటారు. నడుమకు విరిగింది.

“దేఖో. విరిగిన కాడ ఈ సగం తెల్లగ మెరుస్తుంది. గీ సగం నల్లగ తుప్పు పట్టింది. తెల్లది మొన్న ఇరిగింది. నల్లది ఎన్నడో ఇరిగింది. లోపట పగులు పెట్టుకొని తిరిగింది బండి” అన్నాడు ఆవద్.

“అంటే?”

“అంటే ఏంది రాజన్నా, నీ తమ్ముడు గోడకు గుద్దితే గిది ఇరగలే. గిది ఇరిగింది కాబట్టే గుద్దిండు. స్టీరింగ్ చేతిల ఒట్టిగ తిరిగి ఉంటది.” కొంచెం సేపు గ్రీజు చేతులు చూసుకున్నాడు. “ఆ రోజు ఆట ఉందని చెప్పి, కింద దూరి చూడలే. గునా, తప్పు నాది భీ ఉంది.”

దవాఖానాలో భిక్షపతి కళ్ళు తెరిచి మొట్టమొదట చెప్పిన మాట అదే. “స్టీరింగు తిప్పిన గానీ తిరగలే అన్నా.” అప్పుడు నేను వాడి తల నిమిరి ఊరుకున్నాను. నేను కూడా నమ్మలేదు! ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే మండి, ఆ మంట కూడా తీసుకుపోయి వామన్‌రావు ఖాతాలోనే వేశాను.

ఇనుప ముక్క పట్టుకొని ఠాణాకు పోతే ఇన్‌స్పెక్టరు దాన్ని చేతితో కూడా ముట్టలేదు. “ఇనుము సాక్ష్యం చెప్తదా? కాగితం ఉందా?” అన్నాడు.

కాగితం కోసం నాంపల్లి దిక్కు గరుడ కంపెనీ వర్క్‌షాపుకు పోయాను. అక్కడ సుబ్రహ్మణ్యం అనే గుమాస్తా నన్ను చూసి, ఇనుప ముక్కను చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. మేనేజరు లేడన్నాడు. శ్రావణమంతా పోయాను. ఎప్పుడు పోయినా మేనేజరు లేడు. అయితే ఆయన ప్రతిసారీ నాకు చాయ్ తెప్పించేవాడు. ఈ మనిషి కడుపులో ఏదో ఉందని నాకు అర్థమైంది.

భాద్రపదం చివర్లో వర్క్‌షాపు బోర్డుకు దసరా రంగు వేయాలని కబురు వచ్చింది. పని నేను పట్టుకున్నాను. మూడు రోజులు నిచ్చెన మీద ఉండి, రోజంతా కిటికీలోంచి సుబ్రహ్మణ్యం మొహమే చూశాను. మూడో రోజు మధ్యాహ్నం, అందరూ అన్నాలకు పోయినప్పుడు, ఆయనే కిందికి పిలిచాడు.

“మీ తమ్ముడు ఎట్లా ఉన్నాడు?”

“ఎడమచేత్తో తింటుండు సార్. ఊరంతా వాన్ని తాగుబోతు అంటుంది.”

ఆయన ఫైలు తెరిచాడు. “గరుడ బండ్లలో ఒక లాటుకు డ్రాప్ ఆర్ములు చెడ్డవి పడ్డాయి. పోత పోసినప్పుడే లోపం. ఏప్రిల్‌లో కంపెనీ ఆ లాటు బండ్లన్నిటినీ వాపసు పిలిచింది. బండి నడపవద్దు, తెచ్చి ఉచితంగా మార్పించుకోండి అని ఓనర్లందరికీ రిజిస్టర్డ్ ఉత్తరాలు పంపాం.”

“మాకు రాలే గద సార్.”

“ఏప్రిల్‌లో మీరు ఓనరు కాదు కదా.”

ఉత్తరం నకలు, దానికి కుట్టిన పోస్టాఫీసు రసీదు కార్డు నా చేతిలో పెట్టాడు. కార్డు మీద వామన్‌రావు సంతకం. తోక తిప్పిన ఆ సంతకం నాకు తెలుసు, మా అమ్మకం కాగితం మీద కూడా అదే ఉంది. తారీఖు ఏప్రిల్‌ది. ఉత్తరం చదువుకొని, మడిచి లోపల పెట్టుకొని, మేలో మాకు అమ్మాడు.

“ఒక కార్డు తక్కువైతే నన్నెవరూ అడగరు. తీసుకోండి” అన్నాడు సుబ్రహ్మణ్యం. “కానీ రాజన్న గారూ, ఇందులో రెండు నంబర్లున్నాయి. రెండో బండి ఎవరి దగ్గరుందో మాకు తెలియదు.”

“నాకు తెలుసు. మా దోస్తు దగ్గరే ఉంది.”

“అయితే ఇవాళే చెప్పండి. ముక్క సిద్ధంగా ఉంది. గంట పని.”

“చెప్త సార్” అన్నాను.

సైకిలు మీద నయాపూల్ దాటుతుంటే నాకు పాట వచ్చింది. నేను పాడే మనిషిని కాదు. గౌలిపురాకు వచ్చేసరికి ఆడవాళ్ళు మొదటి రోజు బతుకమ్మ, ఎంగిలిపూల బతుకమ్మ, పేర్చి వాకిళ్లలోకి తెస్తున్నారు. నేను వాళ్ళ మధ్యలోంచి సైకిలు నడిపించుకుంటూ వచ్చి, కార్డు భిక్షపతి ఎడమచేతిలో పెట్టి, ఉత్తరంలో ఏముందో చెప్పాను. వాడు దాన్ని చాలాసేపు అట్లాగే పట్టుకున్నాడు. ఇంగ్లీషు రాదు వాడికి.

“నేను తాగలేదని రాసి ఉందా అన్నా దీంట్ల?”

“బండిల లోపమని రాసి ఉందిరా. రెండు ఒకటే.”

వాడు మొహం గోడవైపు తిప్పుకొని ఏడ్చాడు. రాజమణి కొంగుతో కళ్ళు తుడుచుకొని, ఆ వెంటనే అన్నది. “గుండయ్యన్నకు చెప్పినవా?”

“చెప్త.”

“ఇప్పుడే పోయి చెప్పు.”

“చెప్తనంటున్న గద!” అని కసిరాను.

ఎందుకు కసిరానంటే, దారి పొడుగునా నా మనసులో వేరే బొమ్మ తయారవుతూ వచ్చింది. దసరా సాయంత్రం వామన్‌రావు వాకిట్లో శాలిబండ అంతా చేరుతుంది. జమ్మి ఆకు తెచ్చి, బంగారమని ఆయన పళ్ళెంలో పెట్టి, కాళ్ళు మొక్కి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకొని పోతారు. గుడి కమిటీవాళ్ళు, అడ్డా మీది డ్రైవర్లు, దుకాణదార్లు, ఆ ఇన్‌స్పెక్టరు కూడా వస్తాడు. అంతమంది ముందు ఈ కార్డు ఆయన చేతిలో పెట్టాలి. పది రోజులు నోరు కట్టుకుంటే చాలు. గుండయ్యకు ఇవాళ చెబితే ఏమవుతుంది? వాడు నోరున్నవాడు, ఇవాళే పోయి వామన్‌రావు గేటు ముందు లొల్లి పెడతాడు. ఆయన లోపలికి పిలిచి, తలుపు వేసి, కాఫీ ఇచ్చి, మెత్తగా మాట్లాడి, తానే దగ్గరుండి బండి బాగుచేయించి, అందరికంటే మంచివాడైపోతాడు. ఆయన తప్పు దిద్దుకోవడం నాకు వద్దు. నలుగురిలో తల వంచుకోవడం కావాలి.

బతుకమ్మ మూడో రోజు, ముద్దపప్పు నాడు, గుండయ్యే నా దగ్గరకు వచ్చాడు, బండి తోలుకొని. దసరాకు ముందు ఎవరి బండికైనా ఇంత రంగు పడాల్సిందే.

“రాజన్న, ఎనక డాలా మీద మా లలిత పేరు రాయే. పెద్దగ రాయాలె. అటొకటి ఇటొకటి తామర పువ్వు ఎయ్యి. బిడ్డ రోజు అడుగుతుంది” అన్నాడు.

పొద్దంతా నా దగ్గరే కూర్చున్నాడు. ఇద్దరం ఒకే గిన్నెలోంచి పప్పన్నం తిన్నాం. పండుగ గిరాకీ మస్తుగా ఉందని, శంషాబాద్ దిక్కు పొలాలకు పోయి బతుకమ్మకు తంగేడు, గునుగు పువ్వు నింపుకొని వస్తున్నానని, రోజుకు రెండు ట్రిప్పులని చెప్పాడు.

“స్టీరింగ్ ఎట్లుంది?” అన్నాను. నేను అడగాలనుకోలేదు, అడిగాను.

“మలుపుల కాడ జర కటకటమంటుందే. ఏం, ఎందుకడిగినవ్?”

అప్పుడు నేను ‘ల’ అక్షరానికి పచ్చరంగు అంచు దిద్దుతున్నాను. ఒక్క మాట చాలు. బండి అక్కడే వదిలి నడుచుకుంటూ ఇంటికి పోయేవాడు. నాకు ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. వామన్‌రావు నా భుజం తట్టిన చెయ్యి గుర్తుకొచ్చింది. ఐదు నెలలు నడిచిన బండి ఇంకో వారం నడవదా అనుకున్నాను.

“ఏం లే. పండుగైనంక ఆవద్‌కు చూపియ్. అంత దాక దూరం పోకు” అన్నాను.

“దూరం పోకుంటే పువ్వులెట్లొస్తయే?” అని నవ్వాడు. నేను కూడా నవ్వాను.

ఆ సాయంత్రం భిక్షపతి అడిగాడు. “గుండయ్యన్న వచ్చిపోయిండంట గద. చెప్పినవా?”

“చెప్పిన. పండుగైనంక మార్పిచ్చుకుంట అన్నడు.”

వాడు నా మాట నమ్మాడు. నా మాట నమ్మకపోవడం వాడికి అప్పటిదాకా తెలియదు.

ఏడో రోజు, వేపకాయల బతుకమ్మ నాడు మధ్యాహ్నం, ఆరాంఘర్ దగ్గర గుండయ్య బండి రోడ్డు దిగి బోల్తా పడింది. నేను పోయేసరికి రోడ్డు మీద తంగేడు పువ్వు మోకాలెత్తు పడి ఉంది. దాని కింద నుంచి అప్పుడే గుండయ్యను తీసి పక్కన పడుకోబెట్టి, ఎవరిదో తువ్వాల మొహం మీద కప్పారు. డాలా మీద నేను రాసిన పేరు ఒక్క గీత చెరగలేదు. బండి కిందికి వంగి చూశాను. చూడక ముందే తెలుసు నాకు. డ్రాప్ ఆర్మ్ నడుమకు విరిగింది, సగం నలుపు, సగం తెలుపు.

అక్కడ నిలబడి నేను మొదట ఏమనుకున్నానో చెబుతాను, దాచను. ఇక వామన్‌రావు ఎక్కడికి పోతాడు అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఇంట్లో భిక్షపతి ఒకే మాట మీద కూర్చున్నాడు. “నువ్వు చెప్పినవు గద అన్నా. మరి ఎందుకు నడిపిండు?”

“వినలే. గిరాకీ గిరాకీ అన్నడు, వినలే” అన్నాను. వామన్‌రావు మా తమ్ముడి మీద వేసినట్టే నేను చచ్చిపోయిన దోస్తు మీద వేశాను. అది నాకు అప్పుడు తట్టలేదు. నాకు తట్టినదల్లా, ఒక చెయ్యికి తోడు ఒక ప్రాణం కూడా ఇప్పుడు వామన్‌రావు లెక్కలోకి వచ్చిందని.

మూడో రోజు గుండయ్య పేర కాకులకు ముద్ద వేసి పిట్టకు పెట్టారు. ఆ మర్నాడే దసరా. పొద్దు వాలుతుండగా ఉప్పుగూడ పోయాను. గుండయ్య భార్య కృష్ణమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. ఆమె నన్ను అన్నా అని పిలుస్తుంది.

“లే కృష్ణమ్మా. నీ పెనిమిటిని చంపినోన్ని చూపిస్త, రా.”

“మైల గదన్నా. పండుగ పూట ఒకరింటికి ఎట్లొస్త?”

“అందుకే రావాలె” అన్నాను. ఆమె నా మొహం చూసి లేచింది. భిక్షపతిని కూడా బలవంతాన బయటికి తెచ్చాను. వాడు మొండిచేయి తువ్వాలలో దాచుకోబోతే లాగేశాను. అందరూ చూడాలి.

వామన్‌రావు వాకిట్లో నేను అనుకున్న జనమంతా ఉన్నారు. ఆయన పట్టుపంచె కట్టుకొని అరుగు మీద కుర్చీలో, ముందు ఇత్తడి పళ్ళెం, పళ్ళెం నిండా జమ్మి. నా వంతు వచ్చింది. కృష్ణమ్మ, భిక్షపతి నా వెనక గేటు దగ్గర నిలబడ్డారు.

“రా రాజన్నా” అని చేయి చాపాడు.

“బంగారం తీసుకో రావ్‌సాబ్” అని కార్డు ఆయన అరచేతిలో పెట్టాను.

ఆయన చూశాడు. సంతకం గుర్తుపట్టడానికి ఎంతసేపు పడుతుంది! నేను వాకిలి వైపు తిరిగి, ఉత్తరం తీసి, సుబ్రహ్మణ్యం చెప్పినదంతా తెలుగులో గట్టిగా చెప్పాను. బండిలో లోపముందని ఏప్రిల్‌లో కంపెనీ వాపసు పిలిచింది, ఈయన సంతకం పెట్టి తీసుకున్నాడు, మేలో మాకు అమ్మాడు, జులైలో ఠాణాలో కూర్చుని మా తమ్ముడు తాగాడన్నాడు అని. పది రోజులుగా మనసులో దిద్దుకున్న మాటలు అవి.

అడ్డా మీది ముసలి డ్రైవరు రామలింగం ముందుకు వచ్చాడు. పళ్ళెంలో వేలు పెట్టి, తాను పెట్టిన రెమ్మ వెతికి తీసుకున్నాడు. “నా బంగారం నాకు వాపస్” అన్నాడు. ఇంకొకడు వచ్చాడు. ఆ తర్వాత వరస కట్టారు. ఎవరూ తిట్టలేదు. తలా ఒక రెమ్మ తీసుకొని పక్కకు తప్పుకున్నారు. పళ్ళెం అడుగు ఇత్తడి కనిపించింది. ఆ సమయంలో నాకు ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. ఇన్‌స్పెక్టరు టోపీ చేతిలో పట్టుకొని నేల చూస్తున్నాడు.

వామన్‌రావు మెల్లగా లేచాడు. “ఉత్తరం వచ్చిన మాట నిజం. అమ్మేస్తే నా నెత్తిన బరువు దిగుతుందనుకున్నాను.” ఆయన గొంతు నాకు మాత్రమే వినబడేంత తగ్గింది. గట్టిగా అనమన్నాను. “భిక్షపతీ, నువ్వు తాగలేదు నాయనా. నేను అబద్ధం ఆడాను” అన్నాడు, ఈసారి అందరికీ వినబడేలా.

భిక్షపతి తల ఎత్తి జనం వైపు చూశాడు. నాకు కావలసింది దొరికింది. అక్కడితో ఇంటికి పోయి ఉండాల్సింది.

“అయిపోలే. గేటు కాడ చూడు. గామె గుండయ్య భార్య. నీ రెండో బండి నాలుగు దినాల కింద గుండయ్యను మింగింది” అన్నాను.

వామన్‌రావు కుర్చీలో కూలబడ్డాడు. కృష్ణమ్మను చూశాడు, చేతిలో కార్డును చూశాడు. ఆ తర్వాత నా వైపు తల ఎత్తాడు. ఆ చూపులో ఎత్తుగడ ఏమీ లేదు, తెలుసుకోవాలని అడిగాడు అంతే.

“నాలుగు రోజుల కిందనా? ఈ కార్డు నీ చేతికి ఎప్పుడొచ్చింది రాజన్నా?”

“నిన్న” అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. నా వెనక నుంచి భిక్షపతి గొంతు వినిపించింది. వాడికి నన్ను పట్టివ్వాలని లేదు. అన్న ఏదో మరిచిపోయాడని గుర్తుచేసినట్టే అన్నాడు.

“నిన్న ఎక్కడిదన్నా? ఎంగిలిపూల నాడు గద తెచ్చినవు. నా చేతిల్నే పెడితివి. గుండయ్యన్నకు భీ చెప్పిన అంటివి గద.”

అని, తన మాట తానే విని, ఆగిపోయాడు.

జనం అందరూ కృష్ణమ్మ వైపు తిరిగారు. ఆమె నాలుగు అడుగులు వేసి నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఏడవడం లేదు. ఎడమచేయి ఎత్తి, ఆడవాళ్ళు బతుకమ్మ దినాలు లెక్కపెట్టుకున్నట్టే ఒక్కొక్క వేలు ముడవసాగింది.

“ఎంగిలిపూలు” అంది. “అటుకులు. ముద్దపప్పు...”

మూడో వేలు దగ్గర ఆగింది.

“ముద్దపప్పు నాడు నీ తాన్నే ఉండె గదన్నా పొద్దంత. బండి మీద లలిత పేరు రాయించుకొచ్చిండు. ఇంటికొచ్చి నాతోని చెప్పిండు, రాజన్న నా మంచి కోరెటోడు, దూరం పోకు అన్నడని.”

వేపకాయల దాకా ఇంకా నాలుగు దినాలున్నాయి. ఆమె వాటిని లెక్కపెట్టలేదు. ఆ మూడో వేలు అట్లాగే పట్టుకొని నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

భిక్షపతి వచ్చి, ఉన్న ఒక్క చేత్తో ఆమె భుజం పట్టుకున్నాడు. “పా అక్కా, ఇంటికాడ దింపుత” అన్నాడు. ఇద్దరూ గేటు దాటి పోయారు. నన్ను పిలవలేదు.